పసిబిడ్డకు ఊపిరి అందించే శిక్షణ: ఒక్కసారి నేర్పితే చేతికి నిలుస్తుందా?

వంశధార సిస్టర్ (గజపతి జిల్లా, ఒడిశా)

అందరికీ నమస్కారం. పర్లాకిమిడికి దగ్గరలో ఒక సామాజిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. లేబర్ రూమ్ డ్యూటీ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, నర్సింగ్ చదువు ఇంగ్లీషు. మా దగ్గరికి కాన్పుకు వచ్చేవారిలో సవర తల్లులు ఎక్కువ. ఈ పని తెలిసినవాళ్లు, చదువు చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారని చూసి అడుగుతున్నాను.

పుట్టగానే ఏడవని బిడ్డకు ఏం చేయాలో నవజాత శిశు సురక్షా కార్యక్రమం కింద మాకు నేర్పుతారు. పొడి గుడ్డతో తుడవడం, వీపు రుద్దడం, తల సరిగ్గా పెట్టడం, అప్పటికీ ఊపిరి తీసుకోకపోతే మొదటి నిమిషం దాటకుండా చేత్తో నొక్కే గాలి బ్యాగు, ముఖానికి ఆనించే మాస్కుతో గాలి అందించడం. శిక్షణ బాగానే ఉంటుంది. ఆ రోజు అందరి చేతుల్లోనూ సాధన కోసం పెట్టిన పసిబిడ్డ బొమ్మ ఛాతీ చక్కగా లేస్తుంది. సర్టిఫికెట్ తీసుకుని వచ్చేస్తాం.

కష్టం ఆ తరువాతే. మా కేంద్రంలో కాన్పులు తక్కువ. నూరుమంది బిడ్డల్లో సుమారు 10 మందికి ఏదో ఒక సాయం కావాలంటారు. వాళ్లలోనూ చాలామంది తుడిచి వీపు రుద్దగానే ఏడుస్తారు. ఇక బ్యాగు పట్టే అవసరం ఎప్పుడో గాని రాదు. వచ్చిన రోజున మాత్రం ఆలోచించుకునే వ్యవధి ఉండదు. కొత్తగా చేరిన అమ్మాయిలు మాస్కు ఎక్కడ ఆనించాలో తడుముకుంటుంటే నా గుండె ఆగినంత పని అవుతుంది. వాళ్లు చదవనివాళ్లు కారు. అడిగితే పాఠం తు.చ. తప్పకుండా అప్పజెబుతారు.

మాకు ఇచ్చిన శిక్షణ బొమ్మ బీరువాలో ఉంది. పాడైతే జవాబు చెప్పుకోవాలని తాళం వేశారు. దాన్ని బయట పెట్టించాలంటే మా ఇన్‌ఛార్జి గారికి నేను ఏదైనా ఆధారం చూపాలి. "నాకు అలా అనిపిస్తోంది" అంటే చాలదు.

శిక్షణ ఎన్నాళ్లు నిలుస్తుంది, మధ్యలో సాధన చేస్తే నిజంగా బిడ్డలు బతుకుతారా, ఎంత సాధన చేయాలి? దీనిమీద పరిశోధన ఏమైనా జరిగిందా? రాత్రి డ్యూటీలో ఇద్దరమే ఉంటాం, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

---

బరంపురం ట్యూటర్

సిస్టర్ గారూ, మీ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చే పరిశోధన ఉంది. మా విద్యార్థినులకు ప్రతి ఏడూ దాని గురించి చెబుతాను.

పరికరాలు తక్కువగా ఉండే ఆసుపత్రుల కోసం అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2010లో 'హెల్పింగ్ బేబీస్ బ్రీత్' అనే శిక్షణను తెచ్చింది. మనవాళ్లు నేర్పేదానికి అది దగ్గరి బంధువే. ఉత్తర టాంజానియాలో హైడమ్ అనే పల్లె ప్రాంతపు ఆసుపత్రిలో అదే ఏడాది సిబ్బందికి ఒక్క రోజు ఈ శిక్షణ ఇచ్చారు. 7 నెలల తరువాత వాళ్లను మళ్లీ బొమ్మ ముందు నిలబెట్టి చూశారు. శిక్షణకు ముందుకంటే ఎంతో బాగా చేశారు. అంటే మరచిపోలేదు. కానీ నిజమైన కాన్పుల్లో ఏం చేస్తున్నారో పరిశీలకులు పక్కనే ఉండి నమోదు చేస్తే, అక్కడ చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. 2013లో ఈ ఫలితం అచ్చైంది. బొమ్మ మీద వచ్చిన పని బిడ్డ దగ్గరకు వచ్చేసరికి చేతికి రాలేదన్నమాట. మీ అమ్మాయిలు పాఠం అప్పజెప్పి మాస్కు దగ్గర తడుముకోవడం కూడా ఇదే.

వాళ్లు అక్కడితో ఊరుకోలేదు, అందుకే ఆ ఆసుపత్రి అంటే నాకు గౌరవం. బొమ్మను లేబర్ వార్డులోకే తెచ్చి పెట్టారు. వారానికి ఒకసారి 3 నుంచి 5 నిమిషాలు, పనిచేసే చోటే, పనిచేసే వేళల్లోనే సాధన చేయించారు. ముందు ఏడాదినీ తరువాతి ఏడాదినీ పోల్చారు. ఒక్కో ఏడాది దాదాపు 5 వేల కాన్పులు. పుట్టిన 24 గంటల్లో చనిపోయిన బిడ్డలు వెయ్యికి 11.1 నుంచి 7.2కు తగ్గారు. 2015లో అచ్చైన ఈ అంకెను మీ ఇన్‌ఛార్జి గారికి చూపండి.

అందులో ఇంకో సంగతి ఉంది, నాకు అది మరణాల అంకె కంటే కూడా విలువైనదిగా తోస్తుంది. వీపు రుద్ది ఊపిరి తెప్పించిన బిడ్డల శాతం పెరిగింది, బ్యాగు పట్టాల్సి వచ్చిన బిడ్డల శాతం తగ్గింది. మొదటి కొన్ని క్షణాల పని చురుగ్గా జరిగితే చాలామందికి బ్యాగు దాకా వెళ్లే అవసరమే తప్పుతుందని నేను అర్థం చేసుకున్నాను. కాబట్టి మీ సాధనను బ్యాగుతో మొదలుపెట్టకండి. బిడ్డ చేతిలోకి వచ్చిన క్షణం నుంచి, తడి గుడ్డ తీసేసి పొడి గుడ్డ వేయడం నుంచి మొదలుపెట్టండి.

ఇది ముందూ తరువాతా పోల్చిన అధ్యయనం. సాధన లేని మరో ఆసుపత్రిని పక్కన పెట్టి పోల్చలేదు. ఇన్‌ఛార్జి గారు ఆ మాట అడిగితే దాచకుండా చెప్పండి. అయినా ఖర్చు లేని పని, వారానికి అయిదు నిమిషాలు. వద్దనడానికి కారణం నాకు కనబడదు.

సాధనలో నేను పట్టి పట్టి చూసేది మాస్కు పట్టే తీరు. బొటనవేలు, చూపుడువేలు మాస్కు మీద గుండ్రంగా ఉండాలి. మిగతా మూడు వేళ్లు దవడ ఎముక మీద ఆనాలి, గొంతు మెత్తని భాగం మీద కాదు. మాస్కు గడ్డం కొసనూ నోటినీ ముక్కునూ కప్పాలి, కళ్ల మీదకు పోకూడదు. కొత్తవాళ్లు మాస్కును కిందికి అదుముతారు, దాంతో గడ్డం ఛాతీ వైపు వంగి గాలిదారి మూసుకుపోతుంది. దవడను మాస్కులోకి పైకి తెచ్చుకోవాలి. భుజాల కింద మడత పెట్టిన గుడ్డ ఉంటే తల కాస్త వెనక్కి నిలుస్తుంది. నిమిషానికి 40 నుంచి 60 ఊపిరులు. ఛాతీ లేవకపోతే ముందు తల సర్దండి, మాస్కు మళ్లీ ఆనించండి, నోట్లో ఏమైనా అడ్డుందేమో చూసి తీయండి, నోరు కొద్దిగా తెరవండి, ఆ తరువాతే బ్యాగు మరికాస్త గట్టిగా నొక్కండి. ఈ వరుస నోటికి రావడంతో సరిపోదు, చేయి దానంతట అది కదలాలి. అందుకే బొమ్మను బల్ల మీద కాకుండా బిడ్డకు వెచ్చదనం ఇచ్చే మీ రేడియంట్ వార్మర్ మీదే పెట్టి చేయించండి. లైటు, ఎత్తు, గుడ్డలు ఉండే చోటు, గోడ గడియారం అన్నీ నిజంగా పనిచేసేటప్పుడు ఉన్నట్టే ఉండాలి.

---

ప్రాణహిత గట్టు (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

నేను ఏఎన్ఎంను అక్కా. ట్యూటర్ మేడమ్ టాంజానియా గురించి చెప్పారు, నేను మా జిల్లా గురించి చెబుతాను. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ గడ్చిరోలిలో 39 ఊళ్లలో, కాస్త చదువుకున్న పల్లె ఆడవాళ్లకు పసిబిడ్డల సంరక్షణ నేర్పింది. ఇంటింటికీ వెళ్లి బిడ్డను చూడటం, ఊపిరి అందని బిడ్డకు సాయం చేయడం, చీము పట్టే జబ్బు ఒంటికి పాకితే గుర్తించి ఇంజెక్షన్ ఇవ్వడం దాకా. పోల్చడానికి మరో 47 ఊళ్లు. 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది: మూడో ఏడాదికి నెలలోపు బిడ్డల మరణాలు ఆ 47 ఊళ్లతో పోలిస్తే 62 శాతం తగ్గాయి. నేడు దేశమంతా ఆశాలు పసిబిడ్డల ఇళ్లకు వెళ్తున్నారంటే దాని వేరు ఇక్కడే ఉంది. పెద్ద చదువులు లేని ఆడవాళ్లు అంత పని చేశారు. వాళ్లకు నేర్పి వదిలేయలేదు, పైనుంచి మనుషులు క్రమం తప్పకుండా ఊళ్లకు వెళ్లి పని చూస్తూ, సరిదిద్దుతూ వచ్చారు.

ఒక మాట మాత్రం గట్టిగా అనాలనిపిస్తోంది. "చేతికి నిలవదు" అంటే తప్పంతా నర్సు చేతిదే అయిపోతుంది. శిక్షణ పొందిన మనిషిని నాలుగు రోజులకే మరో వార్డుకో ఇమ్యునైజేషన్‌కో మారుస్తారు. శిక్షణ లేని మనిషి లేబర్ రూమ్‌లో నిలబడుతుంది. అప్పుడు ఎంత సాధన చేయించినా ఎవరికి చేయిస్తాం? ఇన్‌ఛార్జి గారిని బొమ్మ ఒక్కటే అడగకండి అక్కా, శిక్షణ పొందినవాళ్లను కనీసం ఏడాదిపాటు అక్కడే ఉంచమని కూడా అడగండి.

---

నాగావళి (రాయగడ)

కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను, వైద్యం నాకు తెలియదు. నేర్చుకోవడం గురించి మా శాస్త్రంలో బలంగా నిలిచిన ఒక సంగతి మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో ఒక ప్రయోగం అచ్చు వేశారు. ఒక జట్టు విద్యార్థులు పాఠాన్ని నాలుగుసార్లు చదివారు. మరో జట్టు ఒకసారి చదివి, మూడుసార్లు పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసింది. 5 నిమిషాల తరువాత పరీక్ష పెడితే చదివినవాళ్లకు 83 శాతం, గుర్తు తెచ్చుకున్నవాళ్లకు 71 శాతం గుర్తుంది. వారం తరువాత అది తిరగబడింది: చదివినవాళ్లకు 40, గుర్తు తెచ్చుకున్నవాళ్లకు 61. వారం తరువాత ఎవరికి ఎంత గుర్తుంటుందని ముందే అడిగితే, ఎక్కువ నమ్మకంగా చెప్పినది నాలుగుసార్లు చదివిన జట్టే. శిక్షణ ముగిసిన సాయంత్రం "నాకు వచ్చేసింది" అనే భావన ఎంత బలంగా ఉన్నా అది కొలమానం కాదు.

చేతిపనికి కూడా ఇది వర్తిస్తుందా అంటే, డెన్మార్క్‌లో గుండె ఆగినవారికి చేసే ప్రథమ చికిత్స నేర్పుతూ చూశారు. రెండు జట్లకూ శిక్షణ సమయం సమానం. ఒక జట్టుకు చివరి అరగంట సాధన బదులు పరీక్ష పెట్టారు. 2 వారాల తరువాత పరీక్ష రాసిన... కాదు, చేసి చూపిన జట్టే మెరుగ్గా చేసింది. 2009 నాటి అధ్యయనం. కాబట్టి సిస్టర్ గారూ, మీ అయిదు నిమిషాల్లో మీరు చేసి చూపి వాళ్లను చూడమనకండి. "బిడ్డ పుట్టింది, ఏడవడం లేదు" అని మీరు పక్కకు తప్పుకోండి. తడబడినా ఆగండి. పూర్తయ్యాకే సరిదిద్దండి.

దీనికి ఒక షరతు ఉంది. తడబడితే చీవాట్లు పడతాయన్న భయం ఉన్న చోట ఎవరూ ముందుకు రారు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి వార్డుల్లో చూసినప్పుడు, మంచి జట్లలోనే పొరపాట్ల నమోదు ఎక్కువగా కనిపించింది. అక్కడ భయం లేక మాట బయటికి వస్తోందని ఆమె గ్రహించారు. 1999లో ఆమె రాసిన పరిశోధనా పత్రం తరువాత జట్టులో నిర్భయంగా మాట్లాడగలిగే వాతావరణం గురించి ఎన్నో అధ్యయనాలు వచ్చాయి. మీ సాధనకు మార్కులు వేయకండి, సర్వీసు రికార్డుకు ఎక్కించకండి. సీనియర్లు ముందు చేస్తే చిన్నవాళ్లకు ధైర్యం వస్తుంది.

---

వంశధార సిస్టర్

ముగ్గురికీ కృతజ్ఞతలు. సిరోంచ చెల్లీ, మార్పిడుల మాట నిజం, అది కూడా అర్జీలో రాస్తాను. మా జిల్లాలో ఘాట్ రోడ్డు మీద నుంచి వచ్చే తల్లులను రాత్రిపూట పెద్దాసుపత్రికి పంపడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ మొదటి నిమిషం మా చేతుల్లోనే గడవాలి.

ట్యూటర్ మేడమ్, ఒక్క సందేహం. ఇద్దరమే ఉన్నప్పుడు, పక్క గదిలో నొప్పులు పడుతున్న తల్లి ఉండగా సాధన ఎప్పుడు చేయాలి?

---

బరంపురం ట్యూటర్

డ్యూటీ మారే వేళ చేయండి. అప్పుడు వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ నలుగురూ ఉంటారు. తల్లి దగ్గర ఇద్దరు, బొమ్మ దగ్గర ఇద్దరు. వారానికి ఒక రోజు ఖాయం చేసుకుని, రోస్టరులో రాయించండి, లేకపోతే పని ఎక్కువైన వారం అదే ముందు ఎగిరిపోతుంది.

బొమ్మకు మీరు రోజూ వాడే బ్యాగు, మాస్కులే వాడండి. మొదలుపెట్టే ముందు మాస్కును అరచేతికి గట్టిగా ఆనించి బ్యాగు నొక్కండి. గాలి ఒత్తిడి చేతికి తగలాలి, గట్టిగా నొక్కితే వాల్వు తెరుచుకున్న చప్పుడు వినిపించాలి, వదలగానే బ్యాగు మళ్లీ నిండాలి. ఇందులో ఏది జరగకపోయినా ఆ బ్యాగు పక్కన పెట్టేసి స్టోరులో కొత్తది అడగండి. సాధన అయ్యాక ఆ బ్యాగు, మాస్కులు మీ పద్ధతి ప్రకారం శుభ్రమయ్యేదాకా వార్మర్ దగ్గర మరో సెట్టు సిద్ధంగా ఉండాలి. ఇన్‌ఛార్జి గారు ఏమన్నారో ఇక్కడే రాయండి, అవసరమైతే అర్జీ నమూనా నేను తయారు చేసి ఇస్తాను.