అప్‌డేట్: డిప్‌స్టిక్ రీడింగ్ గోల తేలింది

బండి ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ నేనే మార్చాక డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే గుర్తుల కడ్డీ) ఒకసారి మినిమమ్ దగ్గర, ఇంకోసారి మాక్స్ పైన చూపిస్తోందని అడిగాను కదా, తప్పు నాదే. ఇంజన్ ఆపిన వెంటనే చూశాను, అప్పటికి పైనున్న ఆయిల్ ఇంకా సంప్‌లోకి, అంటే ఇంజన్ అడుగునున్న ఆయిల్ తొట్టిలోకి దిగలేదు, పైగా బండి కాస్త వాలులో ఉంది. తక్కువుందనుకుని కంగారులో అర లీటరు పోసేశాను!

ఈసారి చదునైన చోట పెట్టి, ఇంజన్ వేడెక్కాక ఆపి, పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ శుభ్రంగా తుడిచి మళ్లీ పూర్తిగా లోపలికి దించి తీశాను. ఆయిల్ గీత మాక్స్ గుర్తుకి వేలి మందం పైనుంది. ఆయిల్ ఎక్కువైతే లోపల తిరిగే క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) దానికి తగిలి నురగ వస్తుందని మీరన్నాక టెన్షన్ పట్టుకుంది. ఆయిల్ కిందికి వదిలే డ్రెయిన్ బోల్టు జోలికి పోకుండా డిప్‌స్టిక్ గొట్టంలోకి సన్నని ట్యూబు దించి, వంద మిల్లీలీటర్ల సిరంజితో లాగాను. విసుగు పని, చేతులంతా జిడ్డు, కానీ నాలుగు సిరంజిలకి గీత మాక్స్‌కి కాస్త కిందికి దిగింది. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూసినా అక్కడే ఉంది.

మాన్యువల్‌లో ఫిల్టర్‌తో కలిపి ఎంత పట్టాలో రాసే ఉంది, ముందే చూసుంటే పోయేది.