జిలేబి చేపా, తిలాపియానా? బోర్డు మీద ఏ పేరు రాయించాలి?

పానగల్లు గట్టు:
మా ఊరి మత్స్య సహకార సంఘం నల్లగొండ రోడ్డు మీద చిన్న చేపల దుకాణం తెరుస్తోంది. బోర్డు రాయించే పని నా నెత్తిన పడింది. బొచ్చె, రవ్వ, కొర్రమీను వరకు పేచీ లేదు. నాలుగో పేరు దగ్గర ఆగిపోయాం. ఊరంతా జిలేబి అంటుంది. కార్యదర్శి మాత్రం ‘అది మిఠాయి పేరు, తిలాపియా అని రాయించు’ అని పట్టు పట్టాడు. అసలు ఆ చేపకు జిలేబి అనే పేరు ఎలా వచ్చింది? అలా రాస్తే తప్పా?

సాగర్ కాలువ:
తిలాపియా అనే రాయించండి. జిలేబి అనేది నోరు తిరగక పుట్టిన మాట. ఆ చేపకు తీపీ లేదు, చుట్టలూ లేవు. బడి పిల్లలు చదివే బోర్డు మీద తప్పు పేరు ఎందుకు?

పిల్లలమర్రి నీడ:
మా మేనమామ చెప్పేది వేరు. నూనెలో వేయించితే జిలేబి రంగు తిరుగుతుందట, అందుకే ఆ పేరట.

పాలమూరు బాటసారి:
మేనమామ గారి మాట రుచిగానే ఉంది కానీ, నూనెలో వేస్తే ఏ చేప ఎర్రబడదు? సరిహద్దు దాటి చూడండి. మరాఠీ వాళ్లు దీన్ని చిలాపి అంటారు. కన్నడిగులకూ ఇది జిలేబియే. తమిళులు జిలేబి కెండై అంటారు. మనం ఒక్కరమే పొరపాటు పడ్డామనుకోవడానికి లేదు. తిలాపియాలో చివరి అక్షరం రాలిపోయి, ‘తి’ కాస్తా ‘చి’ అయితే చిలాపి. దంత్యం (త, ద లాంటివి) తాలవ్యం (చ, జ లాంటివి) కావడం మనకు కొత్తా? సంధ్య సంజ కాలేదా? చిలాపి వరకు వచ్చాక జిలేబి ఎంత దూరం! తెలియని మాట చెవిన పడితే తెలిసిన మాటలోకి ఒంపుకుంటాం. ఆసుపత్రిలోకి పత్రి అలాగే వచ్చింది. వినాయక చవితి పత్రికీ వైద్యానికీ ఏం సంబంధం?

ఇక సాగర్ కాలువ గారు అసలు పేరు అంటున్న తిలాపియా సంగతి. ఆండ్రూ స్మిత్ అనే శాస్త్రవేత్త 1840లో ఈ ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, ఆ పేరు పెట్టాడు. దక్షిణాఫ్రికాలో త్స్వానా భాష మాట్లాడేవాళ్లు చేపను ‘త్లాపి’ అంటారు. ఆ మాటను ఆయన తన నోటికి, లాటిన్‌కు సరిపడా మలుచుకున్నాడు. అంటే తిలాపియా కూడా నోరు తిరగక మారిన మాటే, కాకపోతే దొరగారి నోరు. దాని అర్థం వట్టి ‘చేప’. తిలాపియా చేప అని రాయిస్తే చేప చేప అని రాయించినట్టే, నడిసెంటరు అన్నట్టు.

సాగర్ కాలువ:
త్లాపి సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటాను. కానీ శాస్త్రంలో నిలిచిన పేరుకు ఒక విలువ ఉంటుంది. పోయిన నెల హైవే మీద ఒక హోటల్లో కొర్రమీను ముక్కలు అడిగాను. తినబోతే పక్కటెముకల ముళ్లు! కొర్రమీనుకు అన్ని ముళ్లెక్కడివి? అడిగితే ‘అదీ చేపే కదా సార్’ అన్నాడు. పేర్లు గట్టిగా లేకపోతే ఇలాగే జరుగుతుంది.

పాలమూరు బాటసారి:
అది పేరు తప్పు కాదు, మోసం. జిలేబిని జిలేబి అనే అమ్మితే ఎవరూ మోసపోరు. శాస్త్రం మాటకు వస్తే, మన చెరువుల్లోని రకాన్ని శాస్త్రవేత్తలు ఎప్పుడో తిలాపియా ప్రజాతి నుంచి తీసి ఒరియోక్రోమిస్ అనే మరో ప్రజాతిలో చేర్చారు. తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదిగే రకాలన్నీ అందులోకి వెళ్లాయి. ఈ చేపకు శాస్త్రమే మానేసిన పేరును మీరు కాపాడుతున్నారు.

జూరాల వల:
నేను వల వేసేవాణ్ని, భాష సంగతి మీరు చూసుకోండి. నోట్లో పొదగడం మాత్రం నిజం. వల లాగినప్పుడు తల్లి నోరు తెరుస్తుంది, ఆవగింజల కంటే కాస్త పెద్ద గుడ్లు, పసుపు రంగువి, పడవ అడుగున రాలతాయి. ఒక్కోసారి కళ్లు మాత్రమే కనిపించే పిల్లలు. నీళ్లలో ఉన్నప్పుడు అలికిడి అయితే ఆ పిల్లలు మళ్లీ తల్లి నోట్లోకే దూరతాయి. ఇక ఎందుకు పెరగదు? 1952లో దేశానికి తెచ్చారట, ఇప్పుడు ఏ కుంటలో చూసినా అదే. బొచ్చె, రవ్వల మేత కూడా అదే తింటుందని మావాళ్లు తిట్టుకుంటారు. వీపు ముల్లు అరచేతిలో దిగితే ఏ పేరు పెట్టి తిట్టాలో అప్పుడు తెలుస్తుంది.

పిల్లలమర్రి నీడ:
అయితే ‘నోటిపొదుగు చేప’ అని రాయించండి! అచ్చ తెలుగు.

జూరాల వల:
అలా రాస్తే కిలో కూడా అమ్ముడుపోదు.

కొల్లేటి బాతు:
మా కోస్తాలో చైనా గురక అంటారు. ఆఫ్రికా చేపకు చైనా ఎందుకు అంటుకుందో ఈ బాటసారి గారే చెప్పాలి.

పాలమూరు బాటసారి:
పరాయిదైతే చాలు, చైనాదనో సీమదనో అంటాం. సీమచింత మెక్సికో వైపు నుంచి వచ్చింది, మనకు మాత్రం ‘సీమ’ చింతే. దాన్ని మార్చమని ఎవరూ అడగరు. ఆ లెక్కన జిలేబి నయం, కనీసం అసలు మాట శబ్దాన్నైనా మిగుల్చుకుంది.

సాగర్ కాలువ:
శబ్దం దగ్గర మీదే పైచేయి. అయినా ఊరు కొత్తవాళ్లు ఆ బోర్డు చూసి మిఠాయి దుకాణం అనుకుంటారు, చూడండి.

పానగల్లు గట్టు:
బొచ్చె, రవ్వ, కొర్రమీను పక్కన చూసి కూడానా! సరే, బోర్డు వచ్చేసింది. పెయింటరు అక్షరానికి ఇంత అని తీసుకుంటాడు. తిలాపియాకు నాలుగు, జిలేబికి మూడు. కార్యదర్శి లెక్క చూసి ఏమీ అనలేదు. నిన్న పొద్దున ఒక ముసలమ్మ సంచితో వచ్చి ‘జిలేబి కిలో, చిన్నవి వద్దు బిడ్డా’ అని చెప్పి, బూడిద రుద్ది పొలుసు తీసేవరకు అక్కడే నిలబడింది. బోర్డు వైపు చూడనే లేదు.