వైఫై కలుస్తోంది గానీ ఒక్క పేజీ తెరుచుకోవడం లేదు (విండోస్ 11 ల్యాప్‌టాప్)

రాజాం_బస్టాండ్:

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ల్యాప్‌టాప్ గురించి. హాస్టల్లో నెట్ బాగానే వచ్చేదట. సెలవులకి రాజాం తెచ్చిన దగ్గర్నుంచీ ఇదే గొడవ. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది. వైఫై పాస్‌వర్డ్ తీసుకుంటుంది, సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, కానీ క్రోమ్‌లో చూసినా ఎడ్జ్‌లో చూసినా పేజీ రాదు. అదే వైఫై మీద నా ఫోనూ, టీవీ నడుస్తున్నాయి. ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి చూశాను, దాంతోనూ అంతే.

రౌటర్ ఆపి మళ్లీ వేశాను. నెట్‌వర్క్ ఫర్గెట్ కొట్టి మళ్లీ కలిపాను. వీడియోలో చెప్పినట్టు వైఫై ప్రాపర్టీస్‌లోకి వెళ్లి డీఎన్‌ఎస్ (సైటు పేరును నంబరుగా మార్చే సర్వర్) 8.8.8.8 అని కూడా పెట్టాను. ఏ మార్పూ లేదు. షాపు కుర్రాడు విండోస్ మళ్లీ ఎక్కించాలంటున్నాడు. ప్రాజెక్టు ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఫార్మాట్ చెయ్యకుండా ఏదైనా దారి ఉందా?

గంటస్తంభం_సెంటర్:

ఫార్మాట్ మాట ఇప్పుడే ఎత్తకండి మాస్టారూ. హాట్‌స్పాట్‌తో కూడా రాలేదన్నారు చూశారా, అది మంచి ఆనవాలు. రౌటర్, ఫైబర్ రెండింటినీ పక్కన పెట్టేయొచ్చు. లోపం ల్యాప్‌టాప్ సెట్టింగుల్లోనే ఉంది.

ఎక్కడ తెగిందో తెలియకుండా మందు వెయ్యకూడదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ నాలుగూ ఇదే వరసలో కొట్టండి (టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి):

1. ఐపీకాన్ఫిగ్ /ఆల్ – ఇందులో వైఫై అడాప్టర్ (ల్యాప్‌టాప్‌లో వైఫైని పట్టే భాగం) కింద ఐపీవీ4 అడ్రస్, డిఫాల్ట్ గేట్‌వే (అంటే రౌటర్ నంబరు), డీఎన్‌ఎస్ సర్వర్స్ అనే మూడు వరసలు రాసుకోండి.
2. పింగ్ (అవతలి నుంచి జవాబు వస్తుందో లేదో చూసే కమాండ్) అని కొట్టి పక్కన ఆ గేట్‌వే నంబరు (చాలా ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది).
3. పింగ్ 8.8.8.8 (బయట ఉన్న గూగుల్ సర్వర్)
4. పింగ్ గూగుల్ డాట్ కామ్

ఒకటో దాంట్లో అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ అడ్రస్ ఇవ్వలేదని, విండోస్ తనకు తానే ఒకటి పెట్టేసుకుందని లెక్క. ఆ అడ్రస్‌తో బయటికి వెళ్లలేం. రెండోది ఫెయిలైతే ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్యే తేడా. కొన్ని ఫోన్లు హాట్‌స్పాట్‌లో ఉన్నప్పుడు పింగ్‌కి జవాబివ్వవు, కాబట్టి ఈ పరీక్ష ఇంటి వైఫై మీదే చెయ్యండి. మూడోది ఫెయిలైతే రౌటర్ అవతల. మూడోది వచ్చి నాలుగోది రాకపోతే డీఎన్‌ఎస్. నాలుగూ వచ్చి బ్రౌజరే మొరాయిస్తే ప్రాక్సీ (నెట్‌కి మధ్యవర్తిగా పెట్టే సర్వర్) గానీ, యాంటీవైరస్ గానీ, తప్పు తేదీ గానీ. ఫలితాలు ఇక్కడ పెట్టండి, చూద్దాం.

పలాస_జీడిపప్పు:

పైన చెప్పిన వరస సరైనదే. రెండు మాటలు కలుపుతాను.

ఫోన్ నడుస్తోందన్న మాటను అంత తొందరగా నమ్మొద్దు. వైఫైలో నెట్ లేకపోతే చాలా ఫోన్లు చప్పుడు చెయ్యకుండా మొబైల్ డేటాకి మారిపోతాయి. పైన వైఫై గుర్తు మాత్రం కొన్నింటిలో అలాగే ఉంటుంది. మొబైల్ డేటా ఆపి, అప్పుడు పేజీ తెరిచి చూడండి. మన వైపు కరెంటు పోయినప్పుడు ఇది మరీ ఎక్కువ. రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంటుంది, ఫైబర్ వచ్చి చేరే చిన్న డబ్బా మామూలు ప్లగ్గులో ఉంటుంది. వైఫై గీతలు నిండుగానే ఉంటాయి, నెట్ సున్నా. మీకు టీవీ కూడా నడుస్తోంది, పైగా హాట్‌స్పాట్‌తోనూ రావట్లేదు కాబట్టి మీ విషయంలో ఇది కాకపోవచ్చు.

రెండోది, క్రోమ్‌లో పేజీ రానప్పుడు అడుగున బూడిద రంగులో చిన్న అక్షరాలతో ఒక కోడ్ ఉంటుంది. అందరూ వదిలేసేది అదే, సగం జబ్బు చెప్పేదీ అదే. డీఎన్‌ఎస్ ప్రోబ్ అని మొదలైతే పేరును నంబరుగా మార్చే దగ్గర ఆగింది. ప్రాక్సీ కనెక్షన్ ఫెయిల్డ్ అంటే లేని ప్రాక్సీని వెతుక్కుంటోంది. సర్ట్ డేట్ ఇన్‌వాలిడ్ అంటే గడియారం చూడండి: పాత ల్యాప్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ (చాలావాటిలో సీఆర్2032, 3 వోల్టులు) అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, సైట్ల సర్టిఫికెట్లు చెల్లనివిగా కనిపిస్తాయి.

ఇంకొకటి. ఎవరైనా "నెట్‌వర్క్ రీసెట్ కొట్టెయ్" అంటే ఇప్పుడే కొట్టకండి. అది అడాప్టర్లన్నీ తీసేసి మళ్లీ ఎక్కిస్తుంది. దాచుకున్న వైఫై పాస్‌వర్డులు, వీపీఎన్ సెట్టింగులు పోతాయి. సమస్య తీరినా ఎందుకు వచ్చిందో తెలియదు.

రాజాం_బస్టాండ్:

మొబైల్ డేటా ఆపి చూశాను, ఫోన్లో వైఫై మీదే వస్తోంది. క్రోమ్ కోడ్: డీఎన్‌ఎస్ ప్రోబ్ ఫినిష్డ్ బ్యాడ్ కాన్ఫిగ్.

ఐపీవీ4 అడ్రస్ 192.168.1.37, గేట్‌వే 192.168.1.1. డీఎన్‌ఎస్ సర్వర్స్ దగ్గర 172.16తో మొదలయ్యే నంబర్లు రెండు ఉన్నాయి. నేను పెట్టిన 8.8.8.8 ఎక్కడా లేదు, ఏటో మరి. గేట్‌వే పింగ్ వచ్చింది, 8.8.8.8 పింగ్ కూడా వచ్చింది. గూగుల్ డాట్ కామ్‌కి "కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్" అంటోంది.

గంటస్తంభం_సెంటర్:

దొరికేసింది. నెట్ మీ ల్యాప్‌టాప్ దాకా వస్తోంది, పేర్లు అడిగే చోటే తప్పు. 172.16 నుంచి 172.31 దాకా ఉన్న నంబర్లు లోపలి నెట్‌వర్కులకే కేటాయించినవి. బయటి ఇంటర్నెట్‌లో వాటికి దారి ఉండదు. హాస్టల్ నెట్‌వర్క్‌లో ఉండే డీఎన్‌ఎస్ సర్వర్లవి. అక్కడ ఎవరో చేత్తో పెట్టి ఉంటారు. అక్కడున్నన్నాళ్లూ జవాబిచ్చాయి. రాజాంలో కూర్చుని అడిగితే ఎవరు పలుకుతారు? ప్రతి పేరుకీ విండోస్ ఆ రెండింటినే అడిగి, కాసేపు చూసి, చేతులెత్తేస్తోంది. హాట్‌స్పాట్‌లోనూ అదే జరిగింది.

నమ్మకం కుదరకపోతే ఇది కొట్టి చూడండి: ఎన్ఎస్‌లుకప్ గూగుల్ డాట్ కామ్ 8.8.8.8. అంటే 172.16ని కాకుండా నేరుగా గూగుల్ డీఎన్‌ఎస్‌ని అడగమని. అడ్రస్ తిరిగి వస్తే ఇక సందేహం లేదు. చివర 8.8.8.8 తీసేసి కొడితే "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" వస్తుంది.

మరి మీరు పెట్టిన 8.8.8.8 ఎందుకు పట్టలేదు? విండోస్ 11లో డీఎన్‌ఎస్ పెట్టే చోట్లు రెండున్నాయి. ఒకటి ఆ ఒక్క వైఫై పేరుకే వర్తించేది, మీరు మార్చింది అది. రెండోది అడాప్టర్‌ది, అన్ని వైఫైలకీ వర్తించేది. రెండో చోట ఏదైనా రాసి ఉంటే మొదటి చోట ఏం రాసినా విండోస్ పట్టించుకోదు. చాలామంది ఇక్కడే తిరుగుతుంటారు.

ఇలా తీసెయ్యండి:

సెట్టింగ్స్ తెరిచి నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై. మీ వైఫై పేరు మీద నొక్కకండి, దాని కిందనున్న హార్డ్‌వేర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. డీఎన్‌ఎస్ సర్వర్ అసైన్‌మెంట్ పక్కన ఎడిట్ నొక్కి, మాన్యువల్ బదులు ఆటోమేటిక్ ఎంచుకుని సేవ్ చెయ్యండి. అక్కడే పైన ఐపీ అసైన్‌మెంట్ కూడా ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత వెనక్కొచ్చి మీ వైఫై పేరు ప్రాపర్టీస్‌లో మీరు పెట్టిన 8.8.8.8 కూడా ఆటోమేటిక్ చేసెయ్యండి. అది ఉంటే తప్పు లేదు గానీ, హార్డ్‌వేర్ ప్రాపర్టీస్‌లో మాత్రం పెట్టకండి. రైల్వే స్టేషన్ వైఫైలాగా ముందు లాగిన్ పేజీ చూపించేవాటితో అడాప్టర్ మీద పెట్టిన బయటి డీఎన్‌ఎస్ కొన్నిసార్లు పేచీ పెడుతుంది. ఆ పేజీ తెరుచుకోదు.

ఆ తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్‌ఎస్ కొట్టి, వైఫై ఒకసారి ఆపి వెయ్యండి. మళ్లీ ఐపీకాన్ఫిగ్ /ఆల్ చూస్తే డీఎన్‌ఎస్ దగ్గర 192.168.1.1 గానీ, మీ నెట్ వాళ్లు ఇచ్చే నంబర్లు గానీ కనిపించాలి. 172.16 ఇంకా కనిపిస్తే చెప్పండి. అప్పుడు ఏదో వీపీఎన్ గానీ, హాస్టల్ వాళ్లు ఎక్కించిన లాగిన్ సాఫ్ట్‌వేర్ గానీ మళ్లీ మళ్లీ రాస్తోందన్నమాట.

పలాస_జీడిపప్పు:

డీఎన్‌ఎస్ చేత్తో పెట్టారంటే ప్రాక్సీ కూడా పెట్టి ఉండొచ్చు, ఈ రెండూ జంటగా వస్తాయి. నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోనే ప్రాక్సీ అని ఉంటుంది. యూజ్ సెటప్ స్క్రిప్ట్, యూజ్ ఎ ప్రాక్సీ సర్వర్ రెండూ ఆఫ్‌లో ఉండాలి. పైనున్న ఆటోమేటికల్లీ డిటెక్ట్ సెట్టింగ్స్ ఆన్‌లో ఉన్నా పరవాలేదు. ఫైర్‌ఫాక్స్ వాడితే దానికి సొంత ప్రాక్సీ సెట్టింగు ఉంది, అది విడిగా చూడాలి.

పేజీలన్నీ వస్తూ విండోస్ అప్‌డేట్ ఒక్కటే ఆగిపోతే నెట్‌ష్ విన్‌హెచ్‌టీటీపీ షో ప్రాక్సీ కొట్టండి. డైరెక్ట్ యాక్సెస్ అని రావాలి. ఏదైనా నంబరు వస్తే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన ప్రాంప్ట్‌లో నెట్‌ష్ విన్‌హెచ్‌టీటీపీ రీసెట్ ప్రాక్సీ.

బొబ్బిలి_వీణ:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి అన్నయ్యా, నాదీ ఇలాగే ఉంది కానీ నంబర్లు వేరు. మేడ మీద సిగ్నల్ అందట్లేదని పాత రౌటర్ ఒకటి తగిలించి, రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టాం. ల్యాప్‌టాప్‌లో గేట్‌వే 192.168.0.1 అని ఉంది, పింగ్ కూడా వస్తుంది. 8.8.8.8 రాదు. ఫోన్లో మాత్రం గేట్‌వే 192.168.1.1, నెట్ బాగుంది. కొన్నాళ్లు ల్యాప్‌టాప్‌లోనూ వస్తుంది, మళ్లీ పోతుంది.

పలాస_జీడిపప్పు:

మీది వేరే జబ్బు తమ్ముడూ. కింది రౌటర్ నుంచి వచ్చే కేబుల్‌ను మేడ మీది రౌటర్‌లో ల్యాన్ పోర్టుకి (ఇంట్లోని పరికరాలు కలిపేది) గుచ్చి ఉంటారు, దాని డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే పని) ఆపి ఉండరు. అంటే ఇంట్లో అడ్రసులు పంచేవాళ్లు ఇద్దరు. ఎవరు ముందు పలికితే ల్యాప్‌టాప్ వాళ్ల అడ్రసే పట్టుకుంటుంది. మేడ మీది రౌటర్ తనే గేట్‌వే అని చెబుతుంది, దాని వ్యాన్ పోర్టు (బయటి నెట్ వచ్చి చేరేది) ఖాళీ, కాబట్టి అక్కడ దారి లేదు. వస్తూ పోతూ ఉండడానికి కారణం అదే.

ముందు కేబుల్ పీకండి. ల్యాప్‌టాప్‌ను మేడ మీది రౌటర్‌కి వైరుతో కలిపి 192.168.0.1 పేజీ తెరవండి. అందులో ల్యాన్ ఐపీని 192.168.1.2గా మార్చండి. రౌటర్ రీస్టార్ట్ అయ్యాక 192.168.1.2లో మళ్లీ లాగిన్ అయి డీహెచ్‌సీపీ సర్వర్ ఆపండి. ఈ వరస తిప్పకండి. డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే ల్యాప్‌టాప్‌కి అడ్రస్ ఇచ్చేవాళ్లు లేక ఆ పేజీయే తెరుచుకోదు. కింది రౌటర్ పంచే అడ్రసుల్లో 1.2 లేకుండా చూసుకోండి, ఉంటే దాని డీహెచ్‌సీపీ రేంజి 192.168.1.10 నుంచి మొదలుపెట్టండి. అప్పుడు కేబుల్ రెండు వైపులా ల్యాన్ పోర్టులకే గుచ్చండి. చివరికి ల్యాప్‌టాప్‌లో ఐపీకాన్ఫిగ్ /రిలీజ్, ఐపీకాన్ఫిగ్ /రెన్యూ.

ఇదంతా తలనొప్పి అనుకుంటే కేబుల్‌ను మేడ మీది రౌటర్ వ్యాన్ పోర్టుకి మార్చి, దాన్ని డైనమిక్ ఐపీలో పెట్టేస్తే నెట్ వస్తుంది. కాకపోతే కింది టీవీకి ల్యాప్‌టాప్ నుంచి కాస్ట్ చెయ్యడం, కింది ప్రింటర్ తనంతట తాను కనబడడం లాంటివి ఆగిపోతాయి. నన్నడిగితే మొదటిదే మేలు.

రాజాం_బస్టాండ్:

వచ్చేసింది! హార్డ్‌వేర్ ప్రాపర్టీస్‌లో 172.16 రెండూ ఉన్నాయి, ఆటోమేటిక్ చెయ్యగానే పేజీలు తెరుచుకున్నాయి. ప్రాక్సీ ఆఫ్‌లోనే ఉంది. మరి సెలవులయ్యాక హాస్టల్‌కి వెళ్తే ఆ నంబర్లు మళ్లీ పెట్టాలా? పెడితే సంక్రాంతికి వచ్చినప్పుడు మళ్లీ ఇదే గొడవ కదా.

గంటస్తంభం_సెంటర్:

ముందు ఏమీ పెట్టకుండా కలపమనండి. హాస్టల్ రౌటర్ కూడా డీఎన్‌ఎస్ నంబర్లు దానంతట అది ఇచ్చే అవకాశమే ఎక్కువ. తప్పదంటే ఆ నంబర్లు హార్డ్‌వేర్ ప్రాపర్టీస్‌లో కాకుండా, హాస్టల్ వైఫైకి కనెక్ట్ అయి ఉన్నప్పుడు ఆ పేరు ప్రాపర్టీస్‌లో పెట్టమనండి. అప్పుడవి ఆ ఒక్క వైఫైకే పనిచేస్తాయి, ఇంటి వైఫై జోలికి రావు. ప్రిఫర్డ్, ఆల్టర్నేట్ గళ్లలో పాత నంబర్లు రెండూ అదే వరసలో వెయ్యాలి, కాబట్టి స్క్రీన్ మీద ఐపీకాన్ఫిగ్ ఫలితం ఇంకా ఉంటే ఇప్పుడే ఒక ఫొటో తీసి పెట్టుకోండి.