సమస్య: నురుగు కక్కి కంచె నూరు బతికె

పెన్నగట్టు (నిర్వాహకుడు):
మైపాడు రోడ్డులో మా ఇంటి చుట్టూ తెల్ల వినైల్ (పీవీసీ ప్లాస్టిక్) కంచె వేయించి నెల తిరగలేదు, సముద్రపు గాలికి అప్పుడే బూడిదరంగు తిరిగింది. నిన్న మా ఆవిడ బకెట్టెడు సబ్బునీళ్లు తెచ్చి, చేతిలో పాత బనీను గుడ్డ పెట్టింది. రుద్దుతా ఉంటే ఈ పాదం తన్నుకొచ్చింది. నురుగు కక్కితే ఎవరైనా పోతారు, ఇదేమో బతికింది! ఇదే ఆఖరి పాదంగా ఆటవెలది పూరించండి. కంచె వినైల్‌దే కావాలి, ముళ్లకంచె తెస్తే ఊరుకోను. ముందు నాది:

ఉప్పు గాలి తాకి తెప్పలై మురికంట
మెత్త గుడ్డ తోడ మెల్లఁ దోమి
కింది నుండి పైకి కింకరుడై రుద్ద
నురుగు కక్కి కంచె నూరు బతికె

చీమకుర్తి రాయి:
'కింకరుడై' దగ్గర ఇంట్లో మీ హోదా తెలిసిపోయింది సార్. 'కింది నుండి పైకి' మాత్రం చేసినవాడి మాట. పైనుంచి మొదలెడితే మురికినీళ్లు పొడిపలక మీదికి కారి చారలు కడతాయి. మా గ్రానైట్ లారీల దుమ్ముకైతే మరీను. ఆఖర్న మంచినీళ్లు పొయ్యడం మాత్రం పైనుంచి కిందికే, అది పద్యంలో పట్టలేదు. 'తెప్పలై' ప్రాసయతి కోసం, 'ఉప్పు'కి జోడీగా ఈడ్చుకొచ్చిందేగా?

పెన్నగట్టు:
ఈడ్చుకురాలా, కొట్టుకొచ్చింది. సముద్రం పక్కనే కదా.

కావలి కాలవ:
బోరు నీటి తెల్ల పొడలు పై నిలువగ
వెనిగర్ కాస్త కలిపి వేసి తుడువ
సుద్ద పొరలు పొంగి సుళ్ళుగాఁ గరగంగ
నురుగు కక్కి కంచె నూరు బతికె

మూడు పాళ్లు వెనిగరు, ఏడు పాళ్లు నీళ్లు. నేను చేసి చూశాకే రాశా.

ఉదయగిరి చెంచా:
పాళ్లు సరే, గణాల సంగతేంది అబ్బయ్యా? 'వెనిగర్' సగణం, రెండు లఘువుల తర్వాత గురువు. ఆటవెలదిలో సగణానికి పీట యాడ వేశారు? పోయిన నెల కోడిపుంజు సమస్యలో కూడా ఇట్టాగే 'బైక్'ని గురువు, లఘువు కలిసిన హగణం చేసి బహుమతి కొట్టేశావు. అది ఒక్క గురువు. అప్పుడు గమ్మునున్నా.

కావలి కాలవ:
గమ్మున ఎప్పుడున్నారు సార్, వారం రోజులు వాయించారు. సవరణ: 'వెనిగరింత కలిపి వేసి తుడువ'.

చీమకుర్తి రాయి:
చెంచా గారూ, గణం పట్టుకుని గుట్టు వదిలేశారు. ఇందులో నురుగు సబ్బుది కాదు! బోరునీళ్లు ఎండితే మిగిలే తెల్లమచ్చలో ఉండేది ముఖ్యంగా కాల్షియం కార్బొనేటు. వెనిగరు తగిలితే బొగ్గుపులుసు వాయువు బుడబుడ లేస్తుంది. నిర్వాహకులు కంచెకి నురుగు పూశారు, ఇక్కడ కంచే కక్కింది. మూడో పాదంలో 'పొంగి' అనడం భలే.

ఉదయగిరి చెంచా:
నాలుగు బుడగలు లేస్తే నురుగా? సోడా తాగినవాళ్లంతా నురుగు కక్కినట్టేనా?

కావలి కాలవ:
ఈసారి బ్లీచింగ్ పౌడర్ కూడా కలుపుతా, అప్పుడు చాలినంత వస్తుంది.

పొదిలి పంతులమ్మ:
ఒరే నాయనా, ఆ రెండూ కలపొద్దు. క్లోరిన్ వాయువు లేస్తుంది. అప్పుడు నురుగు కక్కేది కంచె కాదు, నువ్వు.
నా పూరణ. మా తమ్ముడి కంచె కథే ఇది:

ఇనుప పీచు తోడ నింతగాఁ దోమిన
గీత లన్ని మురికి గీములయ్యె
ఏళ్ళు కావు సుమ్మి యెంచంగ దినములే
నురుగు కక్కి కంచె నూరు బతికె

అంట్లు తోమే పీచుతో వారం వారం తోమాడు. నున్నటి పైపొర గరుకు తేలి, దుమ్ము అందులో కాపరం పెట్టింది. గడ్డి కోసే మిషను నైలాన్ తీగ స్తంభాల మొదళ్లు చెక్కింది. ఆఖరికి పక్క చేనివాళ్లు వరికొయ్యలు కాలిస్తే ఆ సెగకి రెండు పలకలు వంకర్లు పోయాయి. 80 డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడే సరుకు అది.

పెన్నగట్టు:
అమ్మా, దండం. 'నూరు' ఏళ్లని నేనే అనుకుని ఇచ్చా, మీరు రోజులు చేసేశారు. ఇళ్లని 'గీములు' అనడం విని ఎన్నాళ్లయిందో!

ఉదయగిరి చెంచా:
బాగుంది గానీ సగం పద్యం వివరణలోనే ఉంది. నాది చూడండి, క్రమాలంకారం, మూడు ప్రశ్నలకి ఆఖరి పాదంలో వరసగా మూడు జవాబులు:

కట్లపాము కరువ గతియేమి గిత్తకు
చేను గాచు నద్ది చెప్పు మేది
తాత యెన్ని యేళ్ళు ధరణిపై నుండెరా
నురుగు కక్కి – కంచె – నూరు బతికె

పొదిలి పంతులమ్మ:
రెండు జవాబులు కుదిరాయి. మొదటిది వేలాడుతోంది. నురుగు కక్కి... తర్వాత గిత్త ఏమైనట్టు? చచ్చిందా, లేచి మేతకెళ్లిందా?

కావలి కాలవ:
పైగా వినైల్ యాడుంది సార్? చేను కాసేది ముళ్లకంచె. నిర్వాహకులు మొదట్లోనే చెప్పారు.

పెన్నగట్టు:
నిజమే, చెంచా గారి కంచె చెల్లదు. ఫలితం ఆదివారం. ఉత్తరం వైపు, వేపచెట్టు నీడన ఉన్న పలకలకి పచ్చగా పాచి మొదలైంది, బకెట్టు మళ్లీ వాకిట్లోకొచ్చింది. వెళ్లాలి.

ఉదయగిరి చెంచా:
వెళ్లండి. 'బైక్' సంగతి తేల్చి వెళ్లండి.