లంకల మ్యాప్: రాయి ఎవరికీ రావట్లేదు, బంగారం కొందరికే వస్తోంది. స్క్రిప్ట్‌లో తప్పెక్కడ?

రేవు_పడవ

అందరికీ నమస్కారమండి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ అనే కంప్యూటర్ యుద్ధాల ఆట కోసం సొంతంగా ఒక ర్యాండమ్ మ్యాప్ స్క్రిప్ట్ (ప్రతి ఆటకీ కొత్త మ్యాప్ ఎలా తయారుచేయాలో గేమ్‌కి చెప్పే ఫైలు) రాసుకున్నాను. మూడు వారాలుగా దాంతోనే కుస్తీ పడుతున్నా. ఇక నా వల్ల కాక ఇక్కడికొచ్చా.

మాది కోనసీమ. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలిపోయి, మధ్యలో లంకలు వదిలేస్తుంది కదా, మ్యాప్ అలా ఉండాలని నా కోరిక. ఒక్కో ఆటగాడికి ఒక్కో లంక, చుట్టూ నీళ్లు. నడిచి వెళ్లే దారి లేదు, పడవలే దిక్కు. గేమ్‌లో కొబ్బరిచెట్టు లేదు కాబట్టి పామ్ డెజర్ట్ అడవి పెట్టి సరిపెట్టుకున్నా. దూరం నుంచి చూస్తే కొబ్బరితోటే అనుకోవాలి మరి.

ఆడేది ఆరుగురం: నేను, బాబాయి కొడుకులిద్దరు, బావమరిది, ఆఫీసులో ఇద్దరు. కంప్యూటర్ ఆటగాళ్లు ఇంకో ఇద్దరు. మొత్తం ఎనిమిది. పెద్ద మ్యాప్ పెడితే మా చిన్నోడి పాత ల్యాప్‌టాప్ ఏడుస్తుందని మీడియం సైజే పెడతాం.

ఇక నా గోల. రాయి ఎవరికీ రాదు, ఎప్పుడూ రాదు. బంగారం ఏమో, ఇద్దరితో టైనీ సైజులో పరీక్షించినప్పుడు బాగానే వచ్చింది. ఆదివారం ఎనిమిది మందితో పెడితే ముగ్గురికి ఒక్క గని కూడా లేదు. ఆ ముగ్గురిలో మా బావమరిది ఒకడు. కావాలనే చేశానని వాళ్ల అక్కకి, అంటే మా ఆవిడకి, ఫోన్ చేసి మరీ చెప్పాడు. మూడోది అడవిపందులు. మామూలుగా మనిషికి రెండు వస్తాయి. పది పన్నెండు ఆటల్లో రెండుసార్లు మాత్రం ఎవరికీ ఒక్కటి కూడా రాలేదు.

ఫైల్స్ వెరిఫై చేశా, మోడ్స్ అన్నీ ఆపేశా, బ్రాకెట్లు వేళ్లమీద లెక్కపెట్టా. నోట్‌ప్యాడ్ ఫైల్ పేరు చివర టీఎక్స్‌టీ తగిలించేసి మ్యాప్ లిస్టులోనే కనపడకపోవడం మొదటి వారమే అయిపోయింది, అది కాదు.

అనుమానం ఉన్న ముక్క ఇది. అసలు ఫైల్లో ఇంగ్లీషులోనే ఉంది, ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో పెడుతున్నా. ఖాళీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

/* బంగారం */
క్రియేట్_ఆబ్జెక్ట్ గోల్డ్ {
నంబర్_ఆఫ్_ఆబ్జెక్ట్స్ 7
సెట్_ప్లేస్_ఫర్_ఎవ్రీ_ప్లేయర్
మిన్_డిస్టెన్స్_టు_ప్లేయర్స్ 15
మ్యాక్స్_డిస్టెన్స్_టు_ప్లేయర్స్ 18
}
/* రాయి మనిషికి 5*/
క్రియేట్_ఆబ్జెక్ట్ స్టోన్ {
నంబర్_ఆఫ్_ఆబ్జెక్ట్స్ 5
}
/* పందులు */
స్టార్ట్_ర్యాండమ్
పర్సెంట్_ఛాన్స్ 40 (ఇక్కడ బోర్)
పర్సెంట్_ఛాన్స్ 40 (ఇక్కడ జావెలీనా, అదీ పంది లాంటిదే)
ఎండ్_ర్యాండమ్

మిగతా లైన్లు కొన్ని వదిలేశా. పైన ల్యాండ్ భాగంలో బేస్ టెర్రెయిన్ వాటర్, ప్లేయర్ ల్యాండ్స్‌కి ల్యాండ్_పర్సెంట్ 20, అదర్_జోన్_అవాయిడెన్స్_డిస్టెన్స్ 8.

జెట్_స్పీడ్_విల్లేజర్

బ్రో, గేమ్ మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్. గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా అప్‌డేట్ చెయ్. నాకు అలాగే సెట్ అయింది.

రేవు_పడవ

చేశాను తమ్ముడూ. డౌన్‌లోడ్‌కి రాత్రంతా పట్టింది. తెల్లారి చూస్తే రాయి రాలేదు.

పాత_నోట్‌ప్యాడ్

రేవు పడవ గారూ, మీకున్నది ఒక జబ్బు కాదు, మూడు. మూడింటినీ ఒకటే అనుకుని వెతుకుతున్నారు, అందుకే దొరకట్లేదు. ఏది పోయింది అనేదానికంటే ఎవరికి పోయింది, ఎన్నిసార్లు పోయింది అనేది చూడండి.

రాయి అందరికీ పోతోంది, ప్రతిసారీ పోతోంది. అంటే గేమ్ ఆ లైన్లు చదవనే లేదు. మీరు రాసిన కామెంట్ చూడండి: "మనిషికి 5*/". 5కీ నక్షత్రానికీ మధ్య ఖాళీ లేదు. ఈ స్క్రిప్ట్ చదివేవాడికి కామెంట్ తెరిచే గుర్తు, మూసే గుర్తు రెండూ విడి పదాలుగా కనపడాలి, అటూ ఇటూ ఖాళీ ఉండాలి. మీరు తెరిచినప్పుడు ఖాళీ ఇచ్చారు, అది తెరుచుకుంది. మూసేటప్పుడు 5కి అంటించేశారు, దాన్ని వాడు గుర్తుపట్టలేదు. అక్కణ్నుంచి అన్నీ మింగుకుంటూ పోయి, కింద పందుల కామెంట్ దగ్గర సరైన మూత దొరికితే అక్కడ ఆగాడు. మధ్యలో ఉన్న రాయి బ్లాకు మొత్తం వాడి దృష్టిలో కామెంటే. ఎర్రర్ చూపించడు, ఆట మామూలుగా మొదలవుతుంది. 2000లో ఈ గేమ్‌కి కాంకరర్స్ అనే అదనపు భాగం వచ్చిన రోజుల్లో నేను ఇదే తప్పు చేసి, మూడు రాత్రులు నెట్ సెంటర్ వాడికి డబ్బులు పోసి మరీ వెతికాను. రెండువైపులా ఖాళీ లేకుండా అంటించేసి ఉంటే మీకు నష్టమే ఉండేది కాదు, వాడు దాన్ని అర్థంకాని పదంగా వదిలేసి ముందుకెళ్లేవాడు. సగం సరిగ్గా రాయబట్టే వచ్చింది చిక్కు.

పందులు అందరికీ పోతున్నాయి, కానీ ఎప్పుడో ఒకసారి. అంటే పాచికల వ్యవహారం. మీ 40, 40 కలిపితే 80. మిగిలిన 20 ఏమయ్యాయి? ఆ 20 పడితే వాడు ఏదీ ఎంచుకోడు, ఊరుకుంటాడు. ఐదు ఆటల్లో ఒక ఆట పందులు లేకుండా పోవాలి లెక్క ప్రకారం. పది పన్నెండు ఆటల్లో రెండుసార్లు అంటే సరిగ్గానే ఉంది. అక్కడ మూడోది ఏదో ఉండి తీసేసినట్టున్నారు?

ఇక బంగారం. కొందరికి వచ్చి కొందరికి రాలేదంటే స్క్రిప్ట్ చదివాడు, పెట్టడానికి ప్రయత్నించాడు, చోటు దొరకలేదు. ల్యాండ్_పర్సెంట్ 20 అంటే ఒక్కొక్కరికి 20 శాతం కాదు, అందరికీ కలిపి 20. టైనీ మ్యాప్ 120కి 120, అంటే 14,400 గళ్లు. అందులో 20 శాతం 2,880. ఇద్దరికి పంచితే తలా 1,440. గుండ్రంగా ఉందనుకుంటే మధ్య నుంచి ఒడ్డుకి 21 గళ్ల దూరం. మీ బంగారం 15 నుంచి 18 మధ్యలో హాయిగా పడుతుంది.

ఇప్పుడు మీడియం చూడండి. 168కి 168, 28,224 గళ్లు. 20 శాతం అంటే దాదాపు 5,644. ఎనిమిది మందికి పంచితే తలా 705. మధ్య నుంచి ఒడ్డుకి సుమారు 15. మీరేమో 15 కంటే దగ్గర పెట్టొద్దని ఆర్డర్ వేశారు. అక్కడ నేల అయిపోయింది, నీళ్లు మొదలయ్యాయి. నీళ్లలో బంగారం పెట్టలేడు కదా, వదిలేశాడు. మరి ఐదుగురికి ఎలా వచ్చిందంటారా? లంక ఎప్పుడూ కచ్చితమైన గుండ్రం కాదు. ఒకవైపు ముక్కులా సాగితే ఆ ముక్కు మీద పెట్టాడు. మీ బావమరిది లంకకి ముక్కు లేదు, అంతే. ఈ లెక్క కాగితం మీద వేసి మీ ఆవిడకి చూపించండి. ఆ అవాయిడెన్స్ 8 కూడా లంకల్ని ఒకదానికొకటి దగ్గరికి రానివ్వదు, ఇరుకు మ్యాప్‌లో 705 కూడా పూర్తిగా పెరిగి ఉండకపోవచ్చు.

ల్యాండ్ పర్సెంట్ పెంచండి, లేదా బంగారం దూరం తగ్గించండి, లేదా చిన్నోడి ల్యాప్‌టాప్ మార్చండి.

రేవు_పడవ

గురువుగారూ! 5కీ నక్షత్రానికీ మధ్య స్పేస్ బార్ ఒక్కసారి కొట్టానంతే, రాయి వచ్చేసింది. మూడు వారాలండి. ఒక్క స్పేస్.

పందుల దగ్గర మీ అనుమానం కరెక్టే. ముందు 40, 40, 20 ఉండేది. ఆ 20 ఏనుగు. ఊరోళ్లని (విల్లేజర్లని) వేటకి పంపితే ఏనుగు తొక్కి పారేస్తోందని అందరూ తిట్టారు, ఆ ముక్క లేపేశా. 20 మాత్రం గాల్లో ఉండిపోయింది. ఇప్పుడు 50, 50 చేశా.

బంగారం సంగతే తేలలేదు. ల్యాండ్ పర్సెంట్ తిన్నగా 40 చేసి చూశా. అందరికీ వచ్చింది గానీ నా గోదావరి కాస్తా పంటకాలువ అయిపోయింది. అవతలి లంకలో ఆర్చర్ నిలబడి మా ఇళ్ల మీదకి బాణాలేస్తున్నాడు. పడవలు తిరిగే చోటు లేదు. బావమరిది ద్రవిడియన్స్ అనే జాతిని తీసుకునేదే నౌకలకోసం, వాడు మళ్లీ ఫోన్ చేస్తాడు.

పాత_నోట్‌ప్యాడ్

40 ఎవరు పెట్టమన్నారండీ. 28 చేయండి. మనిషికి దాదాపు 988 గళ్లు వస్తాయి, ఒడ్డు 17, 18 దగ్గరుంటుంది. బంగారం మిన్ 10, మ్యాక్స్ 13. ప్రతి ఆటా ఇంటి దగ్గరే గని అయితే మజా లేదనిపిస్తే, ఇంకో నాలుగు గళ్ల బంగారం విడి బ్లాకుగా రాసి దూరంగా పెట్టండి. దొరికినవాడికి దొరుకుతుంది. కానీ మొదటి గనిని మాత్రం అదృష్టానికి వదలకండి. అది లేనివాడు ఆడలేడు, చూస్తూ కూర్చుంటాడు.

కొబ్బరితోటల సంగతి కూడా చూసుకోండి. అడవి ముందు మొలుస్తుంది, వస్తువులు చివర్లో పెడతాడు. ఉన్న కాస్త నేలా చెట్లే కమ్మేస్తే మళ్లీ బంగారానికి చోటుండదు. టెర్రెయిన్ బ్లాకులో సెట్_అవాయిడ్_ప్లేయర్_స్టార్ట్_ఏరియాస్ (చెట్లని ఆటగాళ్ల ఇళ్లకి దూరంగా ఉంచే లైను) ఉందా?

రేవు_పడవ

లేదండి. ఇప్పుడే పెడుతున్నా.

గట్టుమీద_స్కౌట్

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. ప్రతి మార్పుకీ ఎనిమిది మందిని పోగేసి పరీక్షించక్కర్లేదు. గేమ్‌లోనే మ్యాపులు తయారుచేసుకునే సినారియో ఎడిటర్ ఉంటుంది, అది తెరవండి. ప్లేయర్స్ ట్యాబ్‌లో ఎనిమిది పెట్టి, మ్యాప్ ట్యాబ్‌లో ర్యాండమ్ మ్యాప్ కింద మీ స్క్రిప్ట్, సైజు మీడియం ఎంచుకుని జెనరేట్ కొట్టండి. మ్యాప్ మొత్తం ఒకేసారి కనపడుతుంది. ఒక్కొక్కరి గనులూ లెక్కపెట్టుకుని మళ్లీ జెనరేట్ కొట్టండి. నేను కొత్త స్క్రిప్ట్‌కి కనీసం ఇరవైసార్లు కొడతా. తప్పు వచ్చినప్పుడు ఆ మ్యాప్ సీడ్ నంబర్ (ఏ మ్యాప్ రావాలో తేల్చే అంకె) రాసిపెట్టుకోండి. అదే స్క్రిప్ట్, అదే సైజు, అంతే మంది, అదే సీడ్ అయితే అదే మ్యాప్ మళ్లీ వస్తుంది. "నిన్న వచ్చింది, ఇవాళ రావట్లేదు" అనే గోల ఉండదు.

ఆటలోనే చూడాలనుకుంటే ఒంటరిగా ఆడేటప్పుడు చాట్‌లో మార్కో, తర్వాత పోలో కొట్టండి. మొదటిది మ్యాప్ తెరుస్తుంది, రెండోది పొగమంచు (మనవాళ్లు లేనిచోట కమ్మే మసక) తీసేస్తుంది.

జెట్_స్పీడ్_విల్లేజర్

మార్కో పోలో నాకు తెలుసు బ్రో, చెప్పడం మర్చిపోయా.

రేవు_పడవ

ఆయ్, ఆదివారం రిపోర్ట్. ఎడిటర్‌లో ఇరవై రెండుసార్లు జెనరేట్ కొట్టా. పర్సెంట్ 28, బంగారం 10 నుంచి 13, తోటలు ఇంటికి దూరంగా. పద్దెనిమిదోసారి ఒకడికి రాయి మూడే గళ్లు పడింది. సీడ్ రాసుకుని చూస్తే, రాయికి పెట్టిన దూరం బంగారానికి పెట్టినదే, రెండూ ఒకేచోట పోట్లాడుకుంటున్నాయి. రాయిని 13 నుంచి 16కి జరిపా. అదే సీడ్‌తో మళ్లీ కొడితే ఐదూ వచ్చాయి.

సాయంత్రం ఎనిమిది మందితో ఆడాం. అందరికీ బంగారం, రాయి, రెండేసి పందులు. నది నదిలాగే ఉంది. గంటన్నర సాగింది. మా బావమరిది నా రేవు తగలబెట్టి గెలిచాడు. ఇప్పుడు వాడే "బావా, ఈ మ్యాప్‌కి వరద కూడా పెట్టొచ్చా" అంటున్నాడు. ఆ సంగతి వేరే ప్రశ్నగా అడుగుతాను. పాత నోట్‌ప్యాడ్ గారూ, రెడీగా ఉండండి.