కార్పొరేటర్ లేని ఐదేళ్ళు: ఓటు ముఖ్యమా, పని జరగడం ముఖ్యమా?

మారతహళ్ళి అద్దెయింటోడు:

బెంగళూరు తెలుగువాళ్ళకు ఒక ప్రశ్న. కోపం తెచ్చుకోకుండా చదవండి.

మన నగర కార్పొరేషన్ బీబీఎంపీలో 198 మంది కార్పొరేటర్ల గడువు 2020 సెప్టెంబరులో అయిపోయింది. ఆ తర్వాత ఐదేళ్ళు ఎన్నిక లేదు, నగరాన్ని అధికారులే నడిపినారు. 2025లో ఆ కార్పొరేషన్‌నే తీసేసి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు చేసినారు. ఈ ఐదేళ్ళలో మీ వీధిలో ఏం చెడింది? మా వీధిలో ఏమీ చెడలేదు. 2018లో మా సందు మలుపులో మ్యాన్‌హోల్ మూత పగిలితే కార్పొరేటర్ ఇంటి చుట్టూ మూడు వారాలు తిరిగినాం. 2022లో అదే మూత మళ్ళీ పగిలింది. యాప్‌లో ఫోటో పెట్టినా. రెండో రోజే ఇంజినీరు వచ్చి కొత్తది వేయించి పోయినాడు.

ఓటు నాగలి లాంటిది. పంట రావాలి గానీ నాగలికి పూజ చేసి ఏం లాభం? న్యాయం జరిగి, అందరినీ ఒక్క తీరుగా చూస్తే ఆ పాలన రాజుదైనా, అధికారిదైనా, ఒకే పార్టీదైనా నష్టమేంది? నా ఓటు ఇప్పటికీ తాడిపత్రి దగ్గర మా ఊళ్ళోనే ఉంది. 2024 మే 13న బస్సుకు మూడింతల టికెట్ పెట్టి పోయి వేసొచ్చినా. బతికే ఊళ్ళో మాత్రం నాకు ఓటు లేదు, లేదనే బాధా లేదు.

ఆరేళ్ళు సింగపూర్:

సగం ఒప్పుకుంటాను. అక్కడున్న ఆరేళ్ళలో ఏ ఆఫీసులోనూ ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టాల్సిన అవసరం రాలేదు. ఆ దేశవాసుల్లో ఇంచుమించు పదింట ఎనిమిది మంది ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఇళ్ళలోనే ఉంటారు. ఏ బ్లాకులోనూ ఒకే జాతివాళ్ళు గుమిగూడకుండా 1989 నుంచి చైనీయులకింత, మలయ్‌లకింత, భారతీయులకింత అని కోటా పెట్టారు. ఇక్కడ నేను ఇల్లు అద్దెకు అడిగితే ముందు మాంసం తింటారా అన్నారు, తర్వాత ఇంటిపేరు అడిగారు. ఆ తలుపులు మనం తెరిపించలేకపోయాం. వాళ్ళు తెరిపించారు.

మిగతా సగం ఒప్పుకోను. అక్కడ ఎన్నికలు లేవనుకోకండి, ఉన్నాయి. 1959 నుంచి గెలిచేది మాత్రం ఒకే పార్టీ. చియా థై పో అనే ప్రతిపక్ష నాయకుణ్ణి 1966లో పట్టుకుపోయి, విచారణ లేకుండా 1989 దాకా జైల్లో ఉంచారు. 23 ఏళ్ళు! బయటికి వదిలాక కూడా ఒక దీవి దాటనివ్వలేదు.

ఇంకొకటి కళ్ళారా చూసింది. పొద్దున్నే నేను బస్సులో ఆఫీసుకు పోతుంటే, పక్కనే లారీ తొట్టిలో కూర్చుని కూలీలు పనికి పోయేవాళ్ళు. తమిళులు, బంగ్లాదేశీయులు, మన తెలుగువాళ్ళూ. సరుకు మోసే బండిలో మనుషులు. వాన పడితే మీద పట్టా. వాళ్ళకక్కడ ఓటుండుంటే అది అన్నేళ్ళు సాగేది కాదని నా నమ్మకం.

మాలూరు టీచరమ్మ:

సింగపూర్ దాకా ఎందుకు నాయనా, మనం కూర్చున్న చోటే ఒక రాజ్యం ఉండేది. ముప్పై ఏళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని, కాస్త పొడుగ్గా రాస్తాను.

మంచి రాజు అన్నారు గదా. మైసూరు రాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు కంటే మంచి రాజులు చరిత్రలో నాకెక్కువ మంది కనపడలేదు. ఆయన కాలంలోనే, 1902లో, శివనసముద్రం కరెంటు మా కోలారు గనులకు చేరింది. 1905లో బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగాయి. 1918లో ఆయన మిల్లర్ కమిటీని వేసి, బ్రాహ్మణేతరులకు సర్కారు కొలువుల్లో చోటెట్లా పెంచాలో చెప్పమన్నారు. అప్పటి దివాను విశ్వేశ్వరయ్యగారు. వాళ్ళ వంశం మన మోక్షగుండం నుంచి వచ్చింది. అంతటి మేధావి, ప్రతిభకు నష్టమని తలచి, ఈ విషయంలో రాజుగారితో పొసగక పదవి వదులుకున్నారు. ఆ రోజు వెనకబడినవాళ్ళ పక్షాన నిలిచింది ఎన్నికైన సభ కాదు, సింహాసనం. ప్రజాస్వామ్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట దాచకూడదు.

ఇప్పుడు ఇదే రాజ్యంలో ఇంకో రోజు. 1938 ఏప్రిల్ 25, విదురాశ్వత్థం. గౌరిబిదనూరు తాలూకా, హిందూపురానికి దగ్గర. ఆ చుట్టుపక్కల పల్లెల్లో వినపడేది ఎక్కువగా తెలుగే. నిషేధం ఉన్నా జెండా సత్యాగ్రహానికని జనం గుమిగూడారు. పోలీసులు కాల్చారు. ఎందరో చనిపోయారు. రాజు అప్పుడూ ఆయనే, గాంధీగారు రాజర్షి అన్న ఆయనే. కొలువులో వాటా అడిగినవాళ్ళకు కమిటీ దొరికింది, ఏలుబడిలో వాటా అడిగినవాళ్ళకు తూటా దొరికింది. 1881 నుంచే మైసూరులో ప్రజాప్రతినిధి సభ ఉండేది. అందులో మనవి చేసుకోవచ్చు, అంతే. దివాన్ని దించే అధికారం దానికి లేదు. 1947 అక్టోబరులో గానీ జనానికి జవాబు చెప్పే ప్రభుత్వం రాలేదు. దాని మొదటి ముఖ్యమంత్రి కె. చెంగలరాయరెడ్డి, మా జిల్లా క్యాసంబళ్ళి మనిషి.

మారతహళ్ళి అద్దెయింటోడు:

టీచరమ్మగారూ, మీరు చెప్పిందాంట్లో నాకు రెండో కథ కంటే మొదటిదే బలంగా కనిపిస్తాంది. ప్రజాస్వామ్యం వచ్చినాక కాల్పులు ఆగినాయా? ఆగలేదు గదా. రాజుగారి కింద కాల్పులు జరిగితే రాజరికం తప్పంటాం, ఇప్పుడు జరిగితే పోలీసుల తప్పంటాం. ఇదేం లెక్క?

హైకోర్టు మెట్లు:

లెక్క ఉంది. తప్పు చేసిన ప్రభుత్వాన్ని నెత్తురు కారకుండా దించే దారి ఉందా లేదా అన్నదే ఆ లెక్క. ఆ దారి మూసేస్తే ఏమవుతుందో చూడ్డానికి బెంగళూరు దాటక్కర్లేదు. ఫ్రీడం పార్కుకు వెళ్ళండి, అది పాత సెంట్రల్ జైలు. ఎమర్జెన్సీ మొదలైనప్పుడు, 1975 జూన్ 26న, బెంగళూరులో అరెస్టయిన వాజపేయి, అద్వానీ అక్కడే ఉన్నారు. స్నేహలతారెడ్డి కూడా అక్కడే. ఆమె నటి, మన నెల్లూరు కవి పఠాభి భార్య. 1976లో పట్టుకెళ్ళారు. ఉబ్బసం మనిషి. ఎనిమిది నెలలు ఊపిరాడక అల్లాడి, 1977 జనవరిలో పెరోలు మీద బయటికొచ్చిన కొద్ది రోజులకే చనిపోయారు. ఏ నేరమూ రుజువు చేయలేదు.

అదే కాలంలో, 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో నిర్బంధించినవాళ్ళు విడుదల కోసం కోర్టుకెక్కలేరని సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల్లో నలుగురు ఒకటై తీర్పిచ్చారు. కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టే చెప్పడానికి 2017 దాకా పట్టింది. చెప్పింది కూడా మన బెంగళూరు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు వేసిన కేసులో. కోర్టుకు 41 ఏళ్ళు పట్టిన పనిని ఓటు 1977 మార్చిలోనే, ఆ ప్రభుత్వాన్ని దించి, చేసి చూపించింది.

మాలూరు టీచరమ్మ:

ఓటు చేసి చూపించింది నిజమే లాయరుగారూ, కానీ ఎవరి ఓటు? 1977లో కర్ణాటకలో 28 సీట్లకు 26, ఆంధ్రప్రదేశ్‌లో 42కు 41 కాంగ్రెస్‌కే వేశాం. ఎమర్జెన్సీని దించింది ఉత్తరాది.

ఎందుకట్లా వేశామో మా ఇంటి సంగతి చెప్తాను. మా నాయన గేణీకి దున్నేవాడు. పంటలో సగం భూస్వామికి పోయేది. అప్పటి ముఖ్యమంత్రి దేవరాజ అరసుగారు భూ సంస్కరణ తెచ్చినాక తాలూకా న్యాయమండలిలో అర్జీ పెట్టుకుంటే, 1976లో రెండెకరాలు మా పేరున రాశారు. ఆ కాగితం చూసి మా నాయన ఏడవడం నాకు గుర్తుంది. అదే సంవత్సరం స్నేహలతమ్మ జైల్లో ఉందని నాకు తెలిసింది చాలా ఏళ్ళకు. తెలిసినప్పుడు రెండూ ఒక్క మనసులో పట్టలేదు. ఇప్పటికీ పట్టవు.

హైకోర్టు మెట్లు:

అమ్మా, మీ నాన్నగారి భూమి గురించి ఒక్క మాట చేర్చనివ్వండి. ఆ భూ సంస్కరణ సవరణ 1974 మార్చి 1న అమల్లోకి వచ్చింది, అంటే ఎమర్జెన్సీకి పదిహేను నెలల ముందు. చేసింది ఎన్నికైన శాసనసభ. ఆ భూమి ఎమర్జెన్సీ ఇచ్చింది కాదు.

మాలూరు టీచరమ్మ:

అది ఒప్పుకుంటాను. ఆ రెండు తారీఖులూ పక్కపక్కన పెట్టి చూడలేదు నేను.

పెరంబూరు పాఠకుడు:

చెన్నైలోనూ 2016 నుంచి 2022 దాకా కార్పొరేషన్ ఎన్నికలు లేవు, కాబట్టి ఇది ఒక్క బెంగళూరు జబ్బు కాదు. ఇంతకీ మా దగ్గర ప్రజాస్వామ్యం అనగానే ఉత్తరమేరూరు శాసనం చూపిస్తారు, పదో శతాబ్దం చోళుల కాలానిది. తాటాకు చీటీల మీద పేర్లు రాసి, కుండలో వేసి, పిల్లవాడి చేత తీయించి సభ్యుల్ని ఎంచేవారు. లెక్కలు చూపని వాడికి మళ్ళీ పోటీ లేదు. ఎంత బాగుందో! కానీ ఆ చీటీ మీద పేరుండాలంటే సొంత భూమి, సొంత ఇల్లు, వేదం చదివిన చదువు కావాలి. పొలంలో పని చేసేవాడి పేరు ఆ కుండలో పడే ప్రసక్తే లేదు. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు చూస్తే నాకు అదే గుర్తొస్తుంది. ఓనరుకే ఓటు, అద్దెకున్నవాడు మెయింటెనెన్స్ కట్టి ఊరుకోవాలి.

శ్రీరాంపురం బిడ్డ:

ఇన్ని చదివినాక రాయకుండా ఉండలేకపోతున్నా. మా అవ్వ మడకశిర దిక్కు నుంచి వచ్చి ఈ ఊరి రోడ్లు ఊడ్చింది. ఆమె తర్వాత మా అమ్మ. బెంగళూరు పౌరకార్మికుల్లో ఎక్కువ మంది మనవాళ్ళే, తెలుగు మాట్లాడే దళిత ఆడవాళ్ళు. తెల్లవారుజామున మీ వీధిలో చీపురు చప్పుడుతో పాటు వినపడే తెలుగు మాదే.

మా అమ్మ ప్రతి ఎన్నికలో ఓటేసింది. అయినా ఇరవై ఏళ్ళు కాంట్రాక్టరు కిందే ఉంది. నెల జీతం ఎప్పుడొస్తుందో తెలీదు, చేతికి గ్లవుసు లేదు, తాగడానికి నీళ్ళిమ్మంటే గేటు దగ్గరే నిలబెట్టే ఇళ్ళున్నాయి. కాబట్టి ఓటుంటే న్యాయం దానంతటదే వస్తుందని ఎవరూ నాకు చెప్పొద్దు. 1949 నవంబరు 25న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో చెప్పిందే మా ఇంటి చరిత్ర. రాజకీయాల్లో సమానత్వం, సంఘంలో, సంపాదనలో అసమానత్వం, ఈ రెండింటి మధ్య వైరుధ్యంలోకి అడుగు పెడుతున్నామని ఆయన హెచ్చరించారు.

కానీ వినండి. 2022 జూలైలో మావాళ్ళు చీపుర్లు కింద పెట్టి, పర్మినెంటు చేయమని ఇదే ఫ్రీడం పార్కులో కూర్చున్నారు. మా అమ్మా కూర్చుంది. నాలుగు రోజులు ఊరంతా చెత్త. ప్రభుత్వం దిగొచ్చి కాగితం రాసిచ్చింది. 2025 మే 1న 12,000 పైచిలుకు మందికి ఉత్తర్వులు చేతికిచ్చారు. 2022లో ఆ కాగితం దయతో రాసిచ్చారనుకుంటున్నారా? ఆ మరుసటి ఏడే, 2023లో, అసెంబ్లీ ఎన్నికలు, అదీ కారణం. అదే పని సింగపూర్‌లో లారీ ఎక్కే కూలీలు చేయగలరా? విదురాశ్వత్థంలో చేస్తే ఏమైందో టీచరమ్మ చెప్పారు.

మారతహళ్ళి అన్నా, మీ మ్యాన్‌హోల్ సంగతి. మీకు యాప్ ఉంది, ఫోటో పెట్టే ఫోను ఉంది, అందులో ఏం రాయాలో తెలుసు. మా పేటలో అదే మూత పగిలితే? మా అమ్మకు చదువు రాదు. కానీ కార్పొరేటర్ గుమ్మం ముందు పదిమందిని వేసుకుని నిలబడి, నీకు ఓటేసినాం బయటికి రా అని అరవడం వచ్చు. మూడు వారాలు పట్టనీ, వాడు బయటికి రాక తప్పదు. ఈ ఐదేళ్ళూ ఆ గుమ్మం లేదు. మాకు తెరిచి ఉన్న ఒక్క ఆఫీసు అదే. మీకు ఏమీ చెడలేదంటే, చెడింది మీకు కాదు గనక.

ఆరేళ్ళు సింగపూర్:

తమ్ముడూ, ఇది నేను ఆలోచించలేదు. అక్కడ అంతా కౌంటర్ దగ్గరే జరిగిపోయేది. కౌంటర్ దాకా రాలేనివాళ్ళు నాకు కనపడకపోవడం వల్లే అంత శుభ్రంగా అనిపించిందేమో.

మారతహళ్ళి అద్దెయింటోడు:

శ్రీరాంపురం తమ్ముడూ, నీ మాటకు నా దగ్గర జవాబు లేదు. యాప్ అందరికీ ఒకటే గదా, కాబట్టి అదే సమానత్వం అనుకున్నా. నా పేరు, కులం అడగలేదు, సిఫార్సు అడగలేదు. కానీ చదువు అడిగిందని నాకు తట్టనే లేదు.

అయినా ఒకటి వదల్ను. మూడు వారాలు పట్టనీ అన్నావే, ఆ మూడు వారాల్లో మా సందులో ఒక ముసలాయన ఆ గుంతలో కాలు పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎన్నికైనవాడి గుమ్మమూ కావాల, రెండ్రోజుల్లో మూత వేసే ఇంజినీరూ కావాల. రెండూ ఒకేసారి అడిగేది అత్యాశేం కాదు. మూత పగిలిన రోజు నుంచి ఇన్ని దినాల్లో వేయాల, వేయకపోతే ఎవరి జీతం కోస్తారో కార్పొరేటర్ వార్డు సభలో లెక్క చెప్పాల, అని నిబంధన ఉండాల.

ఇంకొకటి. 2024లో బెంగళూరు నగరం మూడు లోక్‌సభ స్థానాల్లోనూ సగం మంది కంటే కాస్త ఎక్కువే ఓటేసినారు, పక్కన మండ్యలో 80 శాతం దాటింది. బూతుకు పోని ఆ సగం మందిలో కూడా నేను లేను, అసలు జాబితాలోనే లేను. ఓటు ఇక్కడికి మార్చుకోవాలంటే ఏం చేయాల? అద్దెకుండేవాళ్ళకు ఇస్తారా?

హైకోర్టు మెట్లు:

ఇస్తారు. ఇల్లు సొంతమా అద్దెదా అని ఓటరు జాబితా అడగదు, మీరు మామూలుగా ఉండే చోటు ఏదన్నదే అడుగుతుంది. ఫారం 8 నింపండి, చిరునామా మార్పుకు అదే. మీ పేరున ఇక్కడి చిరునామాతో గ్యాస్ బిల్లో, కరెంటు బిల్లో, రిజిస్టర్ చేసిన అద్దె ఒప్పందమో ఉంటే జతచేయండి. ఊళ్ళో ఓటు మాత్రం పోతుంది, రెండు చోట్ల ఉండకూడదు.

మారతహళ్ళి అద్దెయింటోడు:

అదే కష్టంగా ఉంది. పోలింగ్ రోజు మా జేజి నా చెయ్యి పట్టుకునే బూతుకు నడుస్తుంది. ఆమెను ఒక మాట అడిగి నింపుతా.