ఉత్ప్రేరకం చర్యలో "పాల్గొనదు" అనవచ్చా?

ముడిచమురు శుద్ధి గురించిన వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నానండీ. అందులో "ఉత్ప్రేరకం చర్యలో పాల్గొని" అని రాయాల్సి వచ్చింది. మనం చదువుకున్నదేమో "చర్యలో పాల్గొనకుండా వేగాన్ని మార్చేది" అని. ఏది ఉంచమంటారు?

↳ "పాల్గొని" అనే ఉంచండి. ఆ "పాల్గొనకుండా" ఎక్కడ కనబడినా కొట్టేయాల్సిందే, అక్కడ ఉండాల్సిన మాట "ఖర్చయిపోకుండా". 1835లో ఈ ప్రభావానికి పేరు పెట్టిన స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్, కొన్ని పదార్థాలు ఊరికే దగ్గరుంటే చాలు చర్య మేలుకుంటుందని అనుకున్నాడు, ఆ పాత ఊహే మన నిర్వచనంలో ఇంకా వేలాడుతోందని నాకనిపిస్తుంది.

మీ ముడిచమురే తీసుకోండి. బరువైన భాగంలోంచి గంధకం తీయడానికి కోబాల్ట్, మాలిబ్డినం సల్ఫైడ్లు పట్టించిన అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) గుళికల మీదుగా చమురునీ హైడ్రోజన్‌నీ కలిపి, ఎక్కువ పీడనంలో, 300 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ వేడిలో పంపిస్తారు. మాలిబ్డినం సల్ఫైడ్ పొర అంచున గంధకం లేని ఖాళీ ఒకటి ఉంటుంది, చమురు అణువులోని గంధకం సరిగ్గా అక్కడ అతుక్కుంటుంది, కార్బన్‌తో దానికున్న బంధం తెగిపోతుంది, హైడ్రోజన్ వచ్చి ఆ గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా లేపుకుపోతుంది, ఖాళీ మళ్లీ ఖాళీ అవుతుంది. ఇంత జరిగాక పాల్గొనలేదని ఎలా అంటాం?

↳ బాగుందండీ. మరి "ఖర్చయిపోకుండా" అంటే, రిఫైనరీల్లో ఉత్ప్రేరకాన్ని మార్చేస్తుంటారు కదా?

↳ మారుస్తారు, కానీ అది ఖర్చవడం కాదు, చెడిపోవడం. చమురులో ఆస్ఫాల్టీన్లని, హెప్టేన్ అనే తేలికపాటి ద్రావణిలో కరగని పెద్ద పెద్ద అణువులు ఉంటాయి, నికెల్, వనేడియం ఎక్కువగా వాటిలోనే చిక్కుకుని ఉంటాయి. అవి విడిపోయినప్పుడు ఆ లోహాలు గుళికల రంధ్రాల్లోనే పేరుకుంటాయి. పైన పట్టిన కోక్‌ని, అంటే బొగ్గులాంటి పొరని, కాల్చి వదిలించవచ్చు, లోహాలు కాల్చినా పోవు. అందుకే అసలు ఉత్ప్రేరకానికి ముందు, పెద్ద రంధ్రాలున్న చవక రకం గుళికల్ని ఒక వరస పరిచి లోహాలు అక్కడే దిగిపోయేలా చూస్తారు. ఇలా పాడుచేసేవాటిని "ఉత్ప్రేరక విషాలు" అంటారు, నాకు చాలా ఇష్టమైన మాట. మీ వ్యాసంలో "అరిగిపోయింది" అని రాయకండి, "మూసుకుపోయింది" అనో "విషపూరితమైంది" అనో సందర్భాన్ని బట్టి రాయండి.